ఇద్దరికి సీటు పట్టిన గొడుగు

ఆ రోజు పొద్దున మేకలకు రెమ్మలు కొట్టుకొస్తానని పోయిన మా ఆయన వట్టి చేతులతో తిరిగొచ్చాడు. బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్ అతను కేకేసి పిలిచి, ఆత్మకూరు నుంచి ఫోను వచ్చిందని చెప్పాడట. "టీచరమ్మ పోయిందంటమ్మే" అన్నాడు, వాకిట్లోనే నిలబడి. నేను చేటలో బియ్యం ఏరుతున్నాను. ఏరడం ఆపలేదు. చేటలో ఉన్నవన్నీ ఏరి, రాళ్లు అవతల పారబోసి, అప్పుడు ఏడ్చాను.

మా చర్చి సంఘం వాళ్లు ఆమె పేరిట సంస్మరణ సంచిక వేస్తున్నారు. ఆమె దగ్గర చదువుకున్నదాన్ని కాబట్టి నన్నూ ఒక పేజీ రాయమన్నారు. కార్యదర్శిగారు మనిషిని పంపి మరీ చెప్పించారు: "వసారా సంగతి మాత్రం రాయొద్దనమ్మా. పోయినావిడకి అది శోభగా ఉండదు." వసారా తీసేస్తే ఆమె గురించి నా దగ్గర మిగిలేది ఒక తెల్ల చీర, బుగ్గన ఒక లవంగం, కొన్ని బెత్తం దెబ్బలు. ఆ పేజీని వాళ్లకే వదిలేసి ఇక్కడ రాస్తున్నాను. కోపంగా రాస్తున్నానని చదివేవాళ్లకు అనిపిస్తే, అది నిజమే.

ఆమె నాకు చుట్టం కాదు. ఉదయగిరి మిషను బడిలో నాకు మూడో తరగతి చెప్పిన టీచరమ్మ. ఆమెకు పిల్లలు లేరు. భర్త చిన్న వయసులోనే పోయారు. ఆయన మిగిల్చి పోయిన వాటిలో ఆమె రోజూ వాడింది కర్రపిడి ఉన్న నల్ల గొడుగు, మగవాళ్లు పట్టుకునే రకం. వాన కోసం మొగం వాచిపోయే మా ఊళ్లో గొడుగేందని ఎవరైనా ఎగతాళి చేస్తే, "వాన లేకపోతే ఎండ గూడా లేదా?" అనేది. దానితోనే కుక్కల్ని అదిలించేది, దానితోనే నల్లబల్ల మీద అక్షరాలు చూపించేది. మా వీపులకు కూడా అది బాగా పరిచయం.

రిటైరయ్యాక ఆదివారం మధ్యాహ్నాలు, అందరి భోజనాలూ అయ్యాక, బడి గదిలో బైబిలు పాత నిబంధన తరగతి పెట్టేది. పెళ్లికాని ఆడపిల్లలం కొందరం, ఇంటర్ తప్పి ఊరికే తిరుగుతున్న మగపిల్లలు కొందరు వెళ్లేవాళ్లం. "పాత నిబంధనలో మెస్సీయా యాడ కనపడతాడు?" అని అడిగేది. రాబోయే ఆ రక్షకుడి గురించి సభల్లో ప్రసంగీకుల దగ్గర విన్న జవాబులన్నీ గడగడా ఒప్పజెప్పేవాళ్లం: ఆయన పుట్టబోయే ఊరు, ఎక్కబోయే గాడిద పిల్ల, ఆయన్ని పట్టిచ్చినందుకు ఇచ్చే వెండి నాణేలు. ఆమె లవంగం నములుతూ అంతా వినేది. "అయ్యన్నీ ఉండాయి. నేను కాదనలా. అయ్యి ఆయన గురుతులు. ఆయనొచ్చి చేసే పనేందో చెప్పండి" అనేది. మాకు తెలిసేది కాదు.

ఆ పనిని కథల్లోంచే బయటికి తీసేది. ఏ కథ చెప్పినా రెండు ప్రశ్నలు వేసేది. దీంట్లో బయటపడ్డోళ్లు ఎవురు? వాళ్లని మళ్లా లోపలికి తెచ్చిందెవురు? యోసేపును అన్నలే గుంటలో తోశారు, కరువొచ్చినప్పుడు ఆ అన్నలకే అతను ధాన్యం కొలిచి పోశాడు. శత్రువులు చెరపట్టుకుపోయిన జనాన్ని మళ్లీ ఇంటికి తెస్తానని దేవుడు ప్రవక్త చేత చెప్పించినప్పుడు గుడ్డివాళ్లూ, కుంటివాళ్లూ, నిండు చూలాళ్లూ ఆ గుంపులో ఉంటారని విడిగా చెప్పించాడు. "చూసినారా, నడవలేనోళ్లని లెక్కలోంచి తీసెయ్యలా" అనేది, ఆ మాట తనకే ఇప్పుడే తెలిసినంత సంబరంగా. ఇలా బయటపడ్డ వాళ్లందరినీ ఒకడొచ్చి ఇంటికి చేరుస్తాడని ఆ జనం తరతరాలుగా కాచుకున్నారనీ, ఆ కాచుకోవడం పేరే మెస్సీయా అనీ ఆమె నమ్మకం.

ఒకసారి మమ్మల్ని ఆత్మకూరులో సభలకు తీసుకుపోయింది. తిరిగి వచ్చేటప్పుడు బస్టాండు కిటకిటలాడుతోంది. ఉదయగిరి బస్సు ఆగీ ఆగకముందే జనం కిటికీల్లోంచి తువ్వాళ్లు, సంచులు, చేతిగుడ్డలు సీట్ల మీదికి విసిరేస్తున్నారు. టీచరమ్మ కూడా తక్కువ తినలేదు. గొడుగును కిటికీలోంచి దూర్చి ఒక సీటు మీద అడ్డంగా పడేసింది. తోసుకుంటూ మేం ఎక్కేసరికి ఒకాయన ఆ గొడుగును పక్కకు నెట్టి హాయిగా కూర్చుని ఉన్నాడు.

"గొడుగు కనపళ్లేదా నాయనా?" అంది ఆమె.

"కూర్చునేది మనిషి గదవ్వా. గొడుగు కూర్చుంటాదా యాడన్నా?"

"మనిషి వస్తా ఉండాదని చెప్పేదానికే గదా గొడుగు యేసేది!"

బస్సంతా ఆమె పక్కే మాట్లాడింది. "లెయ్యి సామీ, ముందే పట్టుకున్నారు గదా" అన్నారు వెనకనుంచి. ఆయన గొణుక్కుంటూ లేచాడు. మా వైపు పోలీసు మాట వినని వాడు కూడా సీటు మీది తువ్వాలు మాట వింటాడు. ఆ సీట్లో నన్నూ ఇంకో పిల్లనీ ఇరికించుకుని కూర్చున్నాక, చెమట తుడుచుకుంటూ టీచరమ్మ అంది: "ప్రవక్తలు చేసిన పని ఇదే పాపా. మనిషి ఇంకా కిందనే ఉండాడు, నలిగిపోతా ఉండాడు. పైన సీటు మాత్రం వాడిదే. వాడొచ్చిందాకా ఇంకోడు కూర్చోకూడదు." మేం పడీపడీ నవ్వాం. ఆ తర్వాత చాలా రోజులు తరగతిలో ఏ వాగ్దానం వచ్చినా మగపిల్లలు "తువ్వాలేసినాడు టీచరమ్మా" అని అరిచేవాళ్లు. ఆమెకు కోపం వచ్చేది కాదు.

తొంభైల మొదట్లో నేను పెళ్లి చేసుకున్నాను. ఆయనది దుత్తలూరు పక్క పల్లె, గొర్రెలూ మేకలూ మేపే ఇల్లు. పెళ్లి వాళ్ల పద్ధతిలో, వాళ్ల దేవర ముందు, పసుపుతాడుతో జరిగింది. నేను నా దేవుణ్ని వదులుకోలేదు, ఆయన వదులుకోమని అడగలేదు. పెళ్లయిన మొదటి ఆదివారం మా అత్తే నన్ను లేపి, "గుడికి పోవాలంటివే, టైమవతా ఉండాది లెయ్యి" అంది. ఆ ఇంట్లో నన్ను ఎవరూ వేలెత్తి చూపలేదు. ఆ పని నేను పుట్టి పెరిగిన సంఘం చేసింది.

ఆరాధన అయ్యాక అందరినీ కూర్చోబెట్టి మీటింగు పెట్టారు. నన్ను ముందుకు పిలిచారు. కార్యదర్శిగారు షరతులు చదివారు. నేను సంఘం ముందు నిలబడి ఈ పెళ్లి పాపమని ఒప్పుకోవాలి, తాడు తీసెయ్యాలి, మా ఆయన్ని బాప్తిస్మానికి తేవాలి. అంతవరకు సహవాసంలో నాకు పాలూ భాగమూ లేవు. రమ్మంటే వస్తాను, తప్పుంటే మోకరిస్తాను, కానీ నన్ను ప్రేమగా చూసుకునే మనిషితో చేసుకున్న పెళ్లిని పాపమని నోటితో అనలేను అన్నాను. మా అమ్మ తల వంచుకుని కూర్చుంది. నాయన అప్పటికే లేడు. సంఘాన్ని కాదంటే రేపు తనను పూడ్చడానికి ఎవరొస్తారన్నది ఆమె భయం.

అప్పుడు టీచరమ్మ లేచింది. అడగకుండానే ముందుకు నడిచొచ్చి నా పక్కన నిలబడి రూతు కథ ఎత్తుకుంది. భర్త పోయిన మోయాబు పిల్ల అత్తను వదలకుండా వెంట నడిచి పరాయి ఊరికి వచ్చింది. ఆ ఇంటి ఆస్తిని విడిపించి, ఇంటిని నిలబెట్టాల్సిన బాధ్యత దగ్గరి బంధువుది. "ఊరి గవిని కాడ, అదే ఊళ్లోకి వచ్చే పెద్ద వాకిట్లో, పెద్దమనుషుల ముందర ఆ దగ్గరి బంధువుని అడిగినారు. పొలం విడిపిస్తావా అంటే సరేనన్నాడు. ఆ పిల్లని గూడా పెండ్లాడి కలుపుకోవాల అనేసరికి నావల్ల గాదని తప్పుకున్నాడు. ఇంకోడు ముందుకొచ్చి ఆమెని కలుపుకున్నాడు. ఆమె మునిమనవడే దావీదు. మీరు పాడుకునే మెస్సీయా ఆ ఇంట్లోంచే వచ్చినాడు. ఆ రోజు ఊరోళ్లు మోయాబు పిల్లని గవిని బయటే నిలబెట్టుంటే మీ క్రిస్మసు యాడుండేది?"

"టీచరమ్మా, అది వేరే సంగతి" అన్నారు కార్యదర్శిగారు.

"వేరే ఏం గాదు. ఈ పిల్ల నా బిడ్డ. దీని పూచీ నాది."

"మీకు బిడ్డలు లేరు గదమ్మా."

బెంచీల్లో ఒకరిద్దరు నవ్వారు కూడా. ఆ నవ్వు ఎవరిదో నాకు తెలుసు, రాయను. టీచరమ్మ మొగంలో ఏ మార్పూ లేదు. "లేరు గాబట్టే ఒక బిడ్డకి చోటుండాది" అంది. చేతులెత్తి ఓటు వేశారు. నన్ను సహవాసం నుంచి తీసేశారు. ఆ పై నెలలోనే ఆమె పాత నిబంధన తరగతి కూడా తీసేశారు, వయసు పైబడింది విశ్రాంతి తీసుకోమని. ఆమె బతుకులో ఇష్టంగా చేసిన పని అదొక్కటే.

మా సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే అందరూ రొట్టె ముక్క, ద్రాక్షరసం పుచ్చుకునే ఆచారం, ఉంటుంది. పాట అయిపోగానే పాస్టరుగారు, "బల్లలో పాలు లేనివారు వెలుపలికి వెళ్లవచ్చు" అంటారు. బాప్తిస్మం కాని పిల్లలు బిలబిలా బయటికి పరిగెత్తుతారు, వాళ్లకు అది ఆటవిడుపు. వాళ్ల వెనక, క్రమశిక్షణ పేరిట సంఘం తీసేసిన పెద్దవాళ్లు లేవాలి. పిల్లల వెనక, అందరి కళ్లముందు, తలుపు దాకా నడవాలి. మిగతా ఆదివారాలు లోపలే కూర్చోవచ్చు, పాడొచ్చు, కానుక కూడా వెయ్యొచ్చు. కానుక వెయ్యడానికి మాత్రం ఎవరికీ అడ్డు లేదు.

నన్ను తీసేశాక వచ్చిన మొదటి బల్లనాడు ఆ మాట వినపడగానే లేచాను. నా పక్కన కూర్చున్న టీచరమ్మ కూడా లేచింది. గొడుగును మా ఇద్దరి చోట్లకూ సరిపోయేలా బెంచీ మీద అడ్డంగా పెట్టింది. "మీరు కాదు టీచరమ్మా, మీరు కూర్చోండి" అన్నారు కార్యదర్శిగారు. "తెలుసు" అంది, నడక ఆపకుండా. బయట వసారాలో గంట వేలాడే చోట ఒక రాతి అరుగు ఉంది. కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. నేను ఏడుస్తుంటే, "ఏడవబాక. తువ్వాలేసి వచ్చినా" అంది.

ఆ కిటికీలోంచి చూస్తే మా బెంచీ కనపడుతుంది. నన్ను ఎప్పుడూ అటు చూడనిచ్చేది కాదు. "పిలిచినప్పుడు పోదాం, తొంగి చూడబాక" అనేది. ఆ బెంచీకే అవతలి చివర మా అమ్మ కూర్చుని ఉండేది. అమ్మ కోసమైనా ఒక్కసారి చూద్దామని తల తిప్పితే గడ్డం పట్టుకుని ఇటు తిప్పేది.

పోయిన తరగతి అలా వసారాలో మళ్లీ మొదలైంది. లోపల రొట్టె విరుస్తుంటే బయట ఆమె నాకు కథ చెప్పేది. మా ఆయన నన్ను సైకిలు మీద తెచ్చి గేటు బయట బీడీ కాల్చుకుంటూ కాచుకునేవాడు. కొన్ని నెలలు చూసి, "ఏందల్లుడా, గేటుకి కాపలానా? వచ్చి నీడన కూర్చో" అని కేకేసింది. వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఆ రోజు దావీదు రాజు కథ. తన మీద పగబట్టిన పాత రాజు మనవడు, రెండు కాళ్లూ కుంటి, ఎక్కడో మారుమూల దాక్కుని బతుకుతుంటే, దావీదు పిలిపించి తాత పొలాలన్నీ తిరిగి ఇప్పించి, ఇక రోజూ నా బల్ల దగ్గరే భోంచెయ్యమన్నాడు. టీచరమ్మకు అన్నిటికన్నా ఇష్టమైన కథ అది. మా ఆయన అంతా విని, "రెండు కాళ్లూ లేవంటివి గదమ్మా, మరి రోజూ బల్ల కాడికి ఎట్ట వచ్చేవాడు?" అన్నాడు.

టీచరమ్మ లవంగాన్ని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకుంది. తర్వాత, "ఎవురో ఒకరు మోసుండాల్రా. రాజు పిలిస్తే చాలదు. మోసేవోళ్లుండాల" అంది. లోపల పాట అయిపోయింది. లేచేటప్పుడు నా భుజం మీద చెయ్యేసి, "నిన్ను ఆ బల్ల కాడ కూర్చోబెట్టి, నీ పక్కన నేనూ తిని, అప్పుడు పోతా పాపా" అంది. ఆమె దేవుణ్ని తన కోసం ఇంకేమైనా అడిగిందో లేదో నాకు తెలియదు.

ఏటా సంఘ మీటింగులో లేచి నా సంగతి ఎత్తేది. ఏటా "చూద్దాం టీచరమ్మా" అనేవారు. నాకు బిడ్డ పుడితే, గుళ్లో బిడ్డను దేవుడికి ప్రతిష్ఠించే ప్రార్థన చెయ్యం అన్నారు. ఆమె వసారాలోనే బిడ్డను ఒళ్లో పెట్టుకుని ప్రార్థన చేసింది, లోపలివాళ్లకు వినపడేంత గట్టిగా. నాకు ఓపిక చచ్చిపోయింది. వింజమూరులో వేరే సంఘం వాళ్లు ఏ షరతూ లేకుండా ఇద్దరినీ రమ్మంటున్నారు, పోదామని గొడవపడ్డాను. "ఆడికి పొయ్యి తింటే కడుపు నిండుతాదిలే. సీటు ఈడ పట్టినాం గదా" అంది. నాకు ఆమె మీద వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మెస్సీయా వచ్చి బయటివాళ్లను లోపలికి తెస్తాడని అంత గట్టిగా నమ్మిన మనిషి, ఆయన వచ్చిపోయాడని రోజూ చెప్పుకునే వాళ్ల గుమ్మం బయట అన్నేళ్లు కూర్చుంది. ఆమె నమ్మకం చూసి నాకు సిగ్గు వెయ్యాలో, జాలి వెయ్యాలో తెలిసేది కాదు.

తర్వాత బోరింగు దగ్గర జారిపడి తుంటి ఎముక విరిగింది. తమ్ముడి కొడుకు ఆత్మకూరుకు తీసుకుపోయాడు. ఇక లేవలేదు. నేను చూడ్డానికి పోయినప్పుడల్లా మొదట అడిగేది నా బిడ్డ సంగతి కాదు, బల్ల సంగతి. ఒకసారి మంచం పక్కనున్న గొడుగు నా చేతిలో పెట్టి, "దీన్ని తీసకపో. మొదటి ఆదివారం మరిచిపోబాక, ఇద్దరికీ యెయ్యి" అంది. వేశాను. ఆమె లేకుండా నేనొక్కదాన్నే అరుగు మీద, కిటికీకి వీపు పెట్టి కూర్చునేదాన్ని. మా ఆయన మెట్టు మీద కూర్చునేవాడు.

టీచరమ్మ పోవడానికి కొద్ది రోజుల ముందు మా పాస్టరుగారు ఆమె కోసం రొట్టె, ద్రాక్షరసం తీసుకుని ఉదయగిరి నుంచి బస్సెక్కి వచ్చారు. మంచాన పడ్డవాళ్లకు ఇంటి దగ్గరే బల్ల ఇవ్వడం మా వాళ్ల అలవాటు. నేను ఆ పూట అక్కడే ఉన్నాను. ఆయన మంచి మనిషి, ఆ మాట రాయకపోతే అన్యాయం. ప్రార్థన చేసి రొట్టె ముక్క ఆమె నోటి దగ్గరికి తెచ్చారు. ఆమె నోరు తెరవలేదు. కళ్లతో నన్ను చూపించి, "దానికిచ్చినావా?" అంది.

"ఆమె సంగతి కమిటీ చూడాలమ్మా. నా చేతిలో లేదు."

"మరి నీ చేతిలో ఉండేదేందయ్యా?" అంది.

ఆయన చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. నేను మంచం పట్టె పట్టుకుని బతిమాలాను. టీచరమ్మా, నా కోసం మానుకోబాక, నీకు ఇదే ఆఖరుదేమో, తిను అన్నాను. మూడో తరగతిలో లెక్క తప్పు చేస్తే ఎలా చూసేదో అలా చూసింది. "నేను కుంటిదాన్నయినా గదా. నన్ను మోసే కాళ్లు నీయే. నువ్వు బయట నిలబడితే నేనెట్ట పోతానే?" అని గోడవైపు తిరిగింది. పాస్టరుగారు రొట్టెను తెల్లగుడ్డలో తిరిగి చుట్టారు. చుట్టేటప్పుడు ఆయన కళ్లలో నీళ్లున్నాయి. కళ్లలో నీళ్లు పెట్టుకునే వాళ్లు మా సంఘంలో చాలామంది ఉన్నారు, చెయ్యెత్తే వాళ్లే లేరు.

శవాన్ని ఉదయగిరికి వ్యానులో తెచ్చారు. సమాధి తోటలో చోటివ్వాలా వద్దా అని కమిటీలో కొంచెం తర్జనభర్జన జరిగిందట, అన్నేళ్లు బల్ల ముట్టని మనిషి కదా అని. చివరికి ఘనంగానే చేశారు. పూలదండలు, మైకు, గుడి నిండా జనం. అంత్యక్రియలకు ఎవరినీ బయటికి వెళ్లమనరు కాబట్టి నేనూ లోపలే ఉన్నాను, మా ఆయన కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. శవపేటిక పెట్టడానికి గుడి ముందు భాగంలో చోటు చాల్లేదు. ఇద్దరు మనుషులు చెరో వైపు పట్టుకుని ప్రభువు బల్లను గోడ పక్కకు జరిపారు. ఆమె బతికున్నన్నాళ్లు అంగుళం కదలని బల్ల అంత తేలిగ్గా కదులుతుందని నాకు తెలియదు.

కార్యదర్శిగారు మైకులో ఆమెను సంఘానికి మూలస్తంభం అన్నారు. లేఖనాల్లో ఆమెకున్న జ్ఞానం, ఆమె ఓర్పు, ఆమె త్యాగం అన్నీ చెప్పారు. గవిని కాడ పొలం మాత్రం సరేనన్న ఆ దగ్గరి బంధువు నాకు అప్పుడు గుర్తొచ్చాడు. టీచరమ్మ పేరు వీళ్లకు కావాలి, సంచిక మీద ఆమె ఫోటో కావాలి. ఆమెతో పాటు ఒక పిల్ల కూడా వస్తుందంటే మాత్రం తప్పుకుంటారు. ఆమె ఓర్పును పొగిడారే గానీ, ఎవరిని ఓర్చుకోవడానికి ఆమెకు అంత ఓర్పు కావాల్సి వచ్చిందో ఒక్కరూ చెప్పలేదు.

నిన్న నెల మొదటి ఆదివారం. పోనని చెప్పాను. మా ఆయన అప్పటికే సైకిలు తుడిచి, గొడుగు తెచ్చి నా చేతికిచ్చాడు. "ఆయమ్మ యెయ్యమనింది గదా" అన్నాడు. పోయాను. పాట అయిపోయింది. పాస్టరుగారు ఆ మాట అనడానికి ఎప్పటికన్నా కొంచెం ఎక్కువసేపు ఆగారు. ఈసారి అనరేమో అనుకున్నాను. కళ్లు పుస్తకంలోకి దించి, గొంతు తగ్గించి, అన్నారు. పిల్లలు పరిగెత్తారు. గొడుగును బెంచీ మీద రెండు చోట్లకూ అడ్డంగా పెట్టి నేనూ బయటికి వచ్చాను.

అరుగు మీద కూర్చున్నాను. నా గడ్డం పట్టుకుని ఇటు తిప్పేవాళ్లు ఇక లేరు. అన్నేళ్లలో మొదటిసారి కిటికీలోంచి లోపలికి చూశాను. పెద్దలు వరసవరసకూ పళ్లెం అందిస్తూ వస్తున్నారు. మా బెంచీ దగ్గరికి వచ్చిన మనిషి గొడుగును చూసి కాస్త ఆగాడు. తర్వాత చెయ్యి బాగా చాచి, గొడుగు మీదుగా, పళ్లెం అవతలి చివరనున్న మా అమ్మకు అందించాడు. అమ్మ ఒక ముక్క తీసుకుంది. గొడుగు బెంచీ మీంచి జారబోతుంటే రెండో చేత్తో ఆపింది. దాన్ని మళ్లీ ఇద్దరికి సరిపోయేలా అడ్డంగా సర్దిపెట్టి, కళ్లు మూసుకుని, రొట్టె నోట్లో పెట్టుకుంది.